టీబీ వచ్చిన పాపను బడి మాన్పించి గాలి మార్పుకు పంపాలా?

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. ఛాతీలోని గ్రంథుల్లో టీబీ అని చెప్పారు. కళ్లె పరీక్షలో క్రిములు కనపడలేదు. నెల రోజులుగా ప్రభుత్వ ఆసుపత్రి మందులు వేస్తున్నాం. జ్వరం పోయింది, ఆకలి వేస్తోంది. ఈ ఏడాదికి బడికి పంపొద్దని స్కూల్ వాళ్లు అంటున్నారు. మదనపల్లె గాలి మంచిదని, అక్కడ హాస్టల్లో చేర్చమని మా మామగారు పట్టుబడుతున్నారు. ఆయనకూ కొన్నాళ్లుగా దగ్గు ఉంది. ఇంట్లో మూడేళ్ల బాబు కూడా ఉన్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, నరసరావుపేట

జవాబు: అమ్మా, పాపను ఎక్కడికీ పంపొద్దు. మీ దగ్గరే ఉంచుకోండి, బడికి పంపండి.

మీ మామగారి మాటకు ఆధారం లేకపోలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం (టీబీ రోగులను ఉంచి చూసే ఆసుపత్రి) 1915లో మొదలైంది. జర్మనీలో 1904లోనే బలహీనంగా ఉన్న పిల్లల కోసం చెట్ల మధ్య బడి పెట్టారు. అప్పట్లో టీబీని చంపే మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, వీటి మీదే ఆశ. ఆ పిల్లలు నెలల తరబడి అమ్మానాన్నలకు దూరంగా ఉండాల్సి వచ్చేది. మందులు వచ్చాక, 1956లో మద్రాసులో ఒక అధ్యయనం మొదలైంది. కొందరు రోగులకు శానిటోరియంలో, మరికొందరికి ఇరుకిళ్లలోనే ఏడాదిపాటు వైద్యం చేశారు. ఇంట్లో ఉన్నవారికీ దాదాపు అంతే బాగా నయమైంది. వాళ్ల ఇళ్లలో ఇతరులకు జబ్బు ఎక్కువగా రాలేదు కూడా. 1959లో ఆ ఫలితాలు వచ్చాక ప్రపంచమంతా టీబీ వైద్యం ఇంటికి మళ్లింది.

ఇక బడి సంగతి. చిన్నపిల్లల ఛాతీ గ్రంథుల్లో క్రిములు తక్కువగా ఉంటాయి, వాళ్ల దగ్గులో బయటికి వచ్చేవీ తక్కువే. పైగా నెల రోజులుగా మందు పడుతోంది. ఆమె వల్ల తోటి పిల్లలకు ప్రమాదం లేదు. మీ డాక్టర్‌తో ఆ మాట కాగితం మీద రాయించి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. నీరసంగా ఉన్న రోజు ఆటలు మానిపిస్తే చాలు, ఏడాది చదువు పోగొట్టక్కర్లేదు.

నా దిగులంతా మీ మామగారి దగ్గు గురించే. పిల్లలకు టీబీ చాలాసార్లు ఇంట్లోని పెద్దవాళ్ల నుంచే వస్తుంది. ఆయనకు రేపే కళ్లె పరీక్ష, ఎక్స్‌రే చేయించండి. తేలేదాకా ఆయన మాస్కు పెట్టుకుని, గాలి వచ్చే గదిలో విడిగా పడుకోవాలి. బాబునూ చూపించండి. అతనికి జబ్బు లేదని తేలితే, రాకుండా ఉండేందుకు మందు ఇస్తారు. ఆడుకుంటున్నాడు కదా అని దాన్ని వదిలేయకండి. ఐదేళ్లలోపు పిల్లల్లో టీబీ మెదడు పొరలదాకా వెళ్లే ప్రమాదం ఎక్కువ.

పాప మందులు మామూలుగా ఆరు నెలలు. రెండో నెలకే చలాకీగా తిరుగుతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. మీరు ఆపొద్దు. మూత్రం నారింజ రంగులో వస్తే భయం లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. బరువు పెరిగితే డోసు మారుతుంది కాబట్టి నెలనెలా తూచండి. గుడ్డు, పప్పు, పాలు, పల్లీపట్టీ, ఇంట్లో ఏది ఉంటే అది కడుపునిండా పెట్టండి. టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, రాకపోతే టీబీ సిబ్బందిని అడగండి.

సెలవుల్లో అమ్మమ్మ ఊరికి నిక్షేపంగా తీసుకెళ్లండి. వెళ్లే ముందు అన్ని రోజులకూ సరిపడా మాత్రలు అడిగి తీసుకోండి. అక్కడ అయిపోతే ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలోనూ ఇస్తారు, ఇబ్బందైతే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కి ఫోన్ చేయండి.