గిన్నె పట్టుకుని వాడి వెనక పరిగెత్తకు

చిన్నీ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకూ ముద్ద దిగలేదు. ‘బాబు రెండు ముద్దలు కూడా తినడు పెద్దమ్మా’ అన్నావు. పాలెన్ని తాగుతాడని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పావు, 240 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు అని. అంటే లీటరుకి కాస్త తక్కువ! ఇంక పప్పన్నానికి ఆ పొట్టలో చోటెక్కడిదే? ఏడాది దాటినవాడికి రోజుకి అర లీటరు మించొద్దు. పాలల్లో ఇనుము బహు తక్కువ. పాలమీదే పెరిగే పిల్లలకి రక్తం తగ్గుతుంది, దాంతో ఉన్న ఆకలీ పోతుంది. ముందు రాత్రి సీసా మానిపించు. పగలు గ్లాసుతో పట్టు.

పుట్టిన బరువుకి ఏడాదికల్లా మూడింతలవుతారు. రెండో ఏడాదంతా కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. తిండి తగ్గదూ మరి? వాడి తిండి తగ్గిందని బెంగపడే మీ అత్తగారికి ఇది నా మాటగా చెప్పు.

మీ అన్నయ్యకి నేను చేసిన నిర్వాకం నీకు తెలీదు. కాళ్ళమీద పడుకోబెట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో గొంతులో పోసేదాన్ని. ఒకరోజు పొలమారి, ఊపిరాడక గిలగిల్లాడిపోయాడు. ఆ తర్వాత గిన్నె చప్పుడైతే చాలు, మంచం కిందకి దూరేవాడు. ఏడాది పట్టింది ఆ భయం పోవడానికి.

నువ్వు తినేటప్పుడే వాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకో. చిన్న పళ్ళెంలో రెండు చెంచాల పప్పన్నం, నెయ్యి, మెత్తని ఇడ్లీ ముక్క. నలుపుకోనీ, మొహానికి పూసుకోనీ. సెల్లు మాత్రం వద్దు. తల తిప్పేస్తే పళ్ళెం తీసెయ్, బతిమాలకు. మళ్ళీ పెట్టేదాకా బిస్కెట్లూ ఇవ్వకు. బీరకాయ ఉమ్మేశాడని వదిలెయ్యకు. పది పదిహేనుసార్లు రుచి చూశాక అలవాటుపడే పిల్లలు బోలెడుమంది. పల్లీలు, గుండ్రటి ద్రాక్షపళ్ళు మాత్రం అలాగే చేతికివ్వకు, గొంతుకి అడ్డం పడతాయి.

నెలనెలా అంగన్‌వాడీలో తూయించు. కార్డుమీద బరువు గీత కిందికి వంగినా, మింగేటప్పుడు ఏడ్చినా, తిన్నప్పుడల్లా దగ్గు వచ్చినా, వాంతులు ఆగకపోయినా, ఒంటికి వెళ్ళడం తగ్గినా వెంటనే పిల్లల డాక్టరుకి చూపించు. మందులషాపులో అడిగి ఆకలి టానిక్కులు తేకు.

వాడి వెంట తిరిగి తిరిగి నువ్వు మధ్యాహ్నం అన్నం నాలుగింటికి తింటున్నావట, అల్లుడు చెప్పాడు. రేపట్నించి ముందు నీ కంచం పెట్టుకో.

పెద్దమ్మ