డీటీటీ సీసా మూత తీసే ముందు

అమ్మలూ,

నీకు స్వీడన్‌లో పీహెచ్‌డీ సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దేని మీద పని అంటే, "గొంతు నొప్పి తెచ్చే పురుగు మన యాంటీబాడీల్ని కోసి పారేస్తుందట కదక్కా, దాని మీద" అంది. స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్ అనడం దానికి రాక కాదు, ఆ పేరు నోటితో అనడం ఇష్టం లేక. చిన్నప్పుడు ఆ బ్యాక్టీరియా పుణ్యమా అని రుమాటిక్ జ్వరం తగిలి, 21 రోజులకోసారి బెంజథీన్ పెన్సిలిన్ సూది పొడిపించుకుంటూ పెరిగింది మీ అమ్మ. సూది పడిన రోజు మా నాన్న భుజం పట్టుకుని కుంటుకుంటూ ఇంటికొచ్చేది. దాని గుండె కవాటం సంగతి నీకు తెలుసు. అందుకే నీ కబురు వినగానే గర్వపడ్డాను, ఆ వెనకే టెన్షన్ పట్టుకుంది.

చిన్న విషయాలు ముందు అనేస్తాను. గ్లవ్స్ లేకుండా కల్చర్ ప్లేటు ముట్టుకోవద్దు. గొంతు గరగరలాడితే చలి వల్లేలే అని ఊరుకోకుండా డాక్టరుకి చూపించుకుని, ల్యాబ్‌లో ఏ బ్యాక్టీరియా పెంచుతున్నావో కూడా చెప్పు. వేలు తెగితే దాచిపెట్టకు. నీకు చిన్నప్పటి నుంచీ దెబ్బలు దాచే అలవాటుంది, నాకు తెలుసు. ఇది పెన్సిలిన్‌కి లొంగే బ్యాక్టీరియానే. కానీ చర్మం కిందికి, కండలోకి దిగిందంటే గంటల్లో పాకుతుంది. అప్పుడు మొహమాటపడి కూర్చుంటే కుదరదు.

ఇక అసలు సంగతి. ఐజీజీ అంటే మన రక్తంలో అన్నిటికన్నా ఎక్కువగా తిరిగే యాంటీబాడీ రకం. దానికి పైన రెండు చేతులు, కింద ఒక కాడ. చేతులు బ్యాక్టీరియాను పట్టుకుంటాయి, తెల్లకణాలూ, కాంప్లిమెంట్ అనే రక్తంలోని రక్షణ ప్రోటీన్లూ వచ్చి తగులుకునేది కాడకి. 2002లో లుండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు బయటపెట్టిన ఐడెస్ ఎంజైమ్ సరిగ్గా ఆ రెండూ కలిసే చోటికి కాస్త దిగువన, 236, 237 స్థానాల్లో ఉన్న గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాల మధ్య కోస్తుంది. చేతులు బ్యాక్టీరియాను పట్టుకునే ఉంటాయి. దొంగ చొక్కా దొరికింది గానీ కేకేసే గొంతు పోయిందన్నమాట. అదే ఊళ్ళో అంతకు ఏడాది ముందు దొరికిన ఎండోఎస్ ఇంకా గడుసుది. అది ప్రోటీన్‌ని కోయనే కోయదు, 297వ స్థానంలోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి వేలాడే చక్కెర గొలుసును తెంపుతుంది. ప్రోటీన్లని సైజును బట్టి విడదీసే జెల్ మీద బ్యాండు దాదాపు ఉన్న చోటే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళు "మార్పు లేదు" అని రాసేసుకుంటారు. చక్కెరను చూపించే లెక్టిన్ బ్లాట్ చెయ్యకుండా ఎండోఎస్ గురించి ఒక్క వాక్యం కూడా రాయకు.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. ఇదే బ్యాక్టీరియా స్పెబీ అనే ఇంకో ఎంజైమ్ వదులుతుంది. అదీ ఐడెస్‌లాగే సిస్టీన్ ప్రోటియేజ్, అంటే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం సాయంతో ప్రోటీన్లని కోసే ఎంజైమ్. స్పెబీ కూడా ఐజీజీని మధ్యకి కోస్తుందని, మిగతా యాంటీబాడీల్నీ వదలదని 2001లో పేపరొచ్చింది. అందరూ నమ్మారు. రివ్యూల్లోకి, పాఠాల్లోకి ఎక్కింది. సిస్టీన్ ప్రోటియేజ్ అంటే చాలు, చురుగ్గా పని చెయ్యడానికి ట్యూబులో డీటీటీ లాంటి రిడ్యూసింగ్ ఏజెంట్ (గంధకపు బంధాల్ని విప్పే రసాయనం) వెయ్యడం మా కాలం నుంచీ చేతికి పట్టిన అలవాటు. మేం పపెయిన్‌తో యాంటీబాడీలు కోసే ప్రాక్టికల్స్‌లో మెర్కాప్టోఇథనాల్ వాడేవాళ్ళం. ఆ కుళ్ళు వాసన జుట్టుకి పట్టి, తలంటుకుంటే గానీ మా అమ్మ వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. అది ఎందుకు వేస్తున్నామని మాలో ఎవరం అడగలేదు, ప్రొటోకాల్‌లో ఉంది కాబట్టి వేశాం, అంతే.

తిరకాసంతా అక్కడే. డీటీటీ ఎంజైమ్‌ని లేపి ఊరుకోదు. యాంటీబాడీ నడుము దగ్గర భారీ గొలుసులనే రెండు పెద్ద ప్రోటీన్ పోగుల్నీ కలిపి పట్టే డైసల్ఫైడ్ అనే గంధకపు బంధాల్ని కూడా విప్పేస్తుంది. విప్పిన ఐజీజీని స్పెబీ కోసింది, నిజమే. రక్తంలో తిరిగే ఐజీజీ అలా విప్పుకుని ఉండదు కదా! 2013లో ఉమియో విశ్వవిద్యాలయం నుంచి పెర్సన్, విండెబ్రో, ఫాన్ పావెల్-రామింగెన్ రాసిన పేపర్లో ఇదే తేల్చారు: డీటీటీ లాంటివి శరీరంలో లేని మోతాదుల్లో కలిపితే తప్ప స్పెబీ ఐజీజీని కోయదు. ఆ చివరి ఆయన ఐడెస్‌ని కనిపెట్టినవాళ్ళలో ఒకరు. పన్నెండేళ్ళు ఎంతమంది ఆ మొదటి వాక్యం మీద కట్టుకుంటూ పోయారో చూడు. ఎవరూ మోసం చెయ్యలేదు, జెల్ కూడా అబద్ధం చెప్పలేదు. ట్యూబులో అడిగిన ప్రశ్న వేరు, రాసుకున్న జవాబు వేరు.

కాబట్టి డీటీటీ సీసా మూత తీసే ముందు, ఇది ఎంజైమ్ కోసమా, యాంటీబాడీ కోసమా, జెల్ కోసమా అని అడుక్కో. ఐడెస్ రిడ్యూసింగ్ ఏజెంట్ లేకుండా మామూలు ప్లాస్మాలోనే కోస్తుంది. ఆ శాంపిల్‌ని డీటీటీ లేకుండా జెల్ మీద నడిపితే, 150 కిలోడాల్టన్ల దగ్గర ఉండాల్సిన బ్యాండు పోయి 100 దగ్గర ఒకటి, 25 దగ్గర ఒకటి రావాలి. మధ్యలో 125 దగ్గర కనిపిస్తే ఒక భారీ గొలుసే తెగిందని అర్థం. మొదటి కోత చటుక్కున పడుతుంది, రెండోది నెమ్మది. ఆ సగం తెగిన ఐజీజీ కూడా పనికి అంతంతమాత్రమే, అందుకని దాన్ని మురికి బ్యాండనుకుని వదిలెయ్యకు. ట్యూబు ఐసులో పెట్టాను కదా, ఆగిపోయిందిలే అనుకోకు, ఎంజైమ్‌ని పని చెయ్యనివ్వని అయోడోఎసిటమైడ్ వేసి ఆపు. కోసింది స్పెబీయా ఐడెసా అని సందేహమొస్తే ఈ-64 అనే నిరోధకం వేసి చూడు. స్పెబీ ఆగిపోతుంది, ఐడెస్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఎలుకల మీద చేసే ప్రయోగాల విషయం కూడా మీ గైడ్‌ని గట్టిగా అడుగు, అక్కడ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరట. ఎలుకల ఐజీజీల్లో కొన్ని రకాల్ని ఐడెస్ అసలు ముట్టుకోదు. మనుషుల్లో కూడా తేలిగ్గా తీర్పులు ఇవ్వలేం. గనేరియా బ్యాక్టీరియా ఐజీఏ1 అనే ఇంకో రకం యాంటీబాడీని కోసే ప్రోటియేజ్ వదులుతుంది, అదే దాని ఆయుధమని అందరం చెప్పుకున్నాం. అమెరికాలో ఆ జన్యువు తీసేసిన బ్యాక్టీరియాను మగ వాలంటీర్లకి ఇచ్చి చూస్తే, వాళ్ళకీ జబ్బు వచ్చింది. 1999 నాటి పేపరది. నీ థీసిస్‌లో "రోగనిరోధక శక్తిని తప్పించుకుంటుంది" అని రాసే ముందు దాన్ని ఒకసారి చదువు.

మీ అమ్మ మాత్రం ఇవేమీ అడగలేదు. "ఇదంతా ఎవరికి పనికొస్తుందే?" అంది. ఐడెస్‌నే ఇమ్లిఫిడేజ్ పేరుతో మందు చేశారని, ఒంట్లో యాంటీబాడీలు ఎక్కువై ఏ కిడ్నీ సరిపడనివాళ్ళకి మార్పిడికి ముందు ఇవ్వడానికి 2020లో యూరప్‌లో షరతులతో అనుమతొచ్చిందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు పనికొస్తుందా?" అంది. రాదే, నీ కవాటం ఎప్పుడో దెబ్బతింది, అది వేరే సంగతి అన్నాను. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ మందు ఎక్కించిన కొద్ది రోజులకే యాంటీబాడీలు మళ్ళీ పుట్టుకొస్తాయి. పైగా గొంతు నొప్పులు వచ్చి పోయినవాళ్ళే దాదాపు అందరూ కాబట్టి, ఆ ఎంజైమ్ మీదే మనకి ముందుగా యాంటీబాడీలు ఉంటాయి. మార్పిడప్పుడు వాడే కుందేలు యాంటీబాడీల మందుని కూడా అది కోసేస్తుంది కాబట్టి, దాన్ని నాలుగు రోజులు ఆగి ఇస్తారు. నీకు కుదిరితే ఆ పక్కకి కూడా ఓ కన్నేసి ఉంచు.

వెళ్ళగానే చలికోట్లూ బూట్లూ కొనడంలో పడతావు, పడు. మొదటి జెల్ నడిపిన రోజు మాత్రం ఫోటో నాకు వాట్సాప్‌లో పెట్టు. డీటీటీ వేసిన వరసా (లేన్), వెయ్యని వరసా రెండూ కనబడాలి. కంట్రోల్ లేని ఫోటో అయితే పంపకు.

మీ పెద్దమ్మ