రింగో పది పాటలు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్‌లో డ్రమ్ములు వాయించిన రింగో స్టార్ పాటల సంకలనం ‘బ్లాస్ట్ ఫ్రమ్ యువర్ పాస్ట్’ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యం మీద నీకు పట్టు ఉంది, విన్నదాన్ని విన్నట్టుగా చెప్పాలన్న తపనా ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నీ వ్యాసంలో సగానికి పైగా బీటిల్స్ పుట్టుక, వైభవం, విడిపోవడం గురించే నడిచింది. అసలు సంకలనం దగ్గరికి వచ్చేసరికి చెప్పడానికి నీకు చోటు మిగల్లేదు. రింగో 1940లో లివర్‌పూల్‌లో పుట్టాడనీ, చిన్నతనంలో క్షయతో శానటోరియంలో ఉన్నప్పుడే అక్కడి పిల్లల వాద్య బృందంలో డ్రమ్ముల మీద మనసు పడ్డాడనీ, 1962 ఆగస్టులో పీట్ బెస్ట్ స్థానంలో, జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్ ఉన్న బీటిల్స్‌లో చేరాడనీ ఒక్క పేరాలో చెప్పి ముందుకు సాగిపోవచ్చు. రిషీకేశ్ పేరా పూర్తిగా తీసెయ్యి. 1968లో ధ్యానం నేర్చుకోవడానికి అక్కడికి వెళ్లిన ఆ నలుగురిలో అందరికంటే ముందు తిరిగి వెళ్లిపోయినవాడు రింగోయే, రెండు వారాలు కూడా నిలవలేదు. మన దేశం పేరు వచ్చిందన్న సంతోషం తప్ప ఆ పేరా ఈ పది పాటలకు చేసే మేలు ఏమీ లేదు. మన పాఠకుడికి దగ్గరగా ఏదైనా కావాలనుకుంటే, రవిశంకర్ కోరిక మీద జార్జ్ హారిసన్ 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఏర్పాటు చేసిన బంగ్లాదేశ్ సహాయ కచేరీ ఉండనే ఉంది. ‘ఇట్ డోంట్ కమ్ ఈజీ’ని రింగో అక్కడ పాడాడు, ఆ పాట ఈ సంకలనంలో ఉంది. సంబంధం అంటే అలా సూటిగా ఉండాలి.

రికార్డు నుంచే మొదలుపెట్టు. 1975 చివర్లో బీటిల్స్ సొంత రికార్డు సంస్థ ఆపిల్ వెలువరించిన ఈ ఎల్పీ రికార్డులో ఉన్నవి పది పాటలే, అన్నీ కలిపి వింటే సుమారు అరగంట. అప్పటికి రికార్డు కంపెనీ ఈఎంఐతో రింగో ఒప్పందం ముగింపుకు వచ్చింది. ఆ తర్వాత అతను అమెరికాలో అట్లాంటిక్, బ్రిటన్‌లో పాలిడోర్ కంపెనీలకు మారిపోయాడు. ఆపిల్ తొలి దశలో వచ్చిన చివరి ఆల్బమ్ కూడా ఇదే. కాబట్టి ఇది కేవలం అభిమానుల కోసం పేర్చిన జ్ఞాపకాల పెట్టె కాదనీ, ఒక సంస్థతో లెక్కలు ముగించుకునే వేళ తయారైన వ్యాపార వస్తువు కూడాననీ పాఠకుడికి దాచకుండా చెప్పు. వ్యాపారం కోసం పుట్టినంత మాత్రాన దానిలో కళ లేదనుకోవడం పొరపాటు. ఏ పాట ఉంచాలి, ఏది వదలాలి, ఏది ముందు రావాలి అన్న నిర్ణయాలు ఎవరో ఒకరు చెవి ఒగ్గి విని తీసుకున్నవే. సంకలనం మీద రాసేవాడికి అసలు విషయం ఆ నిర్ణయాలే.

అంకెల సంగతి. నువ్వు ప్రతి పాట పక్కనా చార్టు (జనాదరణ జాబితా) స్థానం వేశావు, అది పద్దుల పుస్తకంలా తయారైంది. ఆ అంకెలన్నిటినీ ఒక్క పరిశీలనగా మార్చు. 1971 నుంచి 1975 దాకా రింగోకు అమెరికాలో వరసగా ఏడు సింగిల్స్ (విడిగా అమ్మే పాటల రికార్డులు) టాప్ టెన్‌లో నిలిచాయి, ఆ ఏడూ ఇందులో ఉన్నాయి. వాటిలో ‘ఫొటోగ్రాఫ్’, ‘యూ ఆర్ సిక్స్‌టీన్’ మొదటి స్థానానికి చేరాయి. ఆ తర్వాత అతనికి అక్కడ టాప్ టెన్ పాట మళ్లీ రాలేదు. అంటే ఈ సంకలనం అతని విజయ కాలాన్ని దాదాపు మొత్తంగా, ఆ కాలం ముగిసిందని ఎవరికీ తెలియకముందే, పట్టి ఉంచింది. అయినా ఆల్బమ్‌గా ఇది అమెరికాలో 30వ స్థానం దగ్గరే ఆగింది, బ్రిటన్‌లో చార్టులోకే రాలేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెడితే పాఠకుడు తనంతట తాను ఆలోచించడం మొదలుపెడతాడు.

ఇక వరస. పాటలు కాలక్రమంలో లేవు. మొదట వినిపించేది 1973 నాటి ‘యూ ఆర్ సిక్స్‌టీన్’, చివర వినిపించేది అదే ఏడాది ఆల్బమ్‌లోని ‘అయామ్ ద గ్రేటెస్ట్’. మొదటి వైపు అయిదూ పెద్ద హిట్లే. రెండో వైపుకు వచ్చేసరికి ‘ఓన్లీ యూ’, ‘ఓ మై మై’ లాంటి జనం మెచ్చిన పాటల నడుమ తక్కువ మందికి తెలిసిన పాటలు చోటు చేసుకుంటాయి. 1970లో అతను విడిగా చేసిన మొదటి ఆల్బమ్, పాత తరం పాటలతో నిండిన ‘సెంటిమెంటల్ జర్నీ’, నుంచి ఒక్కటి కూడా తీసుకోలేదు. బీటిల్స్ కాలపు పాట ఒక్కటీ లేదు. ఈ రెండో విషయం మీద నువ్వు కాసేపు ఆగి ఉండాల్సింది. మరుసటి ఏడాది, 1976లో, జార్జ్ హారిసన్ పాటల సంకలనం వచ్చినప్పుడు దాని మొదటి వైపు మొత్తం బీటిల్స్ కోసం అతను రాసిన పాటలతోనే నింపారు. అప్పటికే సొంతంగా ఎంతో చేసిన హారిసన్‌కు అది నచ్చలేదు. నలుగురిలోనూ పాటలు కట్టడంలో వెనకబడినవాడని పేరుపడ్డ రింగోకు మాత్రం ఆ పాత పందిరి అవసరం పడలేదు. నీ వ్యాసానికి వెన్నెముక కాగల మాట ఇదే, నువ్వు దాన్ని చివరి పేజీలో ఒక పక్క వాక్యంగా పారేశావు.

ఇప్పుడు నువ్వు రెండు ముక్కల్లో తేల్చేసిన ‘ఎర్లీ 1970’ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఈ సంకలనానికి ప్రాణం అక్కడుంది. ఇది హిట్ కాదు. 1971లో ‘ఇట్ డోంట్ కమ్ ఈజీ’ సింగిల్‌కు వెనకవైపున వచ్చిన పాట. హిట్ల సంకలనంలో దానికి చోటెందుకు దొరికిందని నువ్వు అడగనే లేదు. పాట కట్టుబడి చూడు. మొదటి మూడు చరణాల్లో ముగ్గురు పాత మిత్రులు ఒక్కొక్కరుగా వస్తారు: పల్లెలో పొలం మధ్య సంసారం చేసుకుంటున్న పాల్, భార్య యోకోతో తన లోకంలో ఉన్న జాన్, ఎప్పుడూ ఊళ్లోనే ఉండి కలిసి వాయించే జార్జ్. ప్రతి చరణం చివరా తేలాల్సిన లెక్క ఒక్కటే, ఇతను వచ్చి నాతో వాయిస్తాడా లేదా అని. పాల్ విషయంలో అనుమానం, జాన్ విషయంలో ధీమా, జార్జ్‌తో ఆ ప్రశ్నకే తావు లేదు. నాలుగో చరణం తన గురించి. గిటార్ మీద తనకు వచ్చిన కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు) మూడేననీ, బేస్ తన వల్ల కాదనీ, పియానో అయితే ఒక్క శ్రుతిలో వాయించగలననీ లెక్క చెప్పి, ఊళ్లోకి వెళ్లినప్పుడు ఆ ముగ్గురినీ చూడాలని ఉందని ముగిస్తాడు. ఇది సింగిల్‌గా బయటికి వచ్చేనాటికి వాళ్ల భాగస్వామ్యాన్ని రద్దు చేయమంటూ పాల్ మెకార్ట్‌నీ మిగిలిన ముగ్గురి మీదా లండన్ హైకోర్టులో వేసిన దావా నడుస్తోంది. దావాలో ప్రతివాదిగా ఉన్న మనిషి వాది పేరు పెట్టి, నిందగా ఒక్క మాట కూడా అనకుండా, వస్తాడో రాడో అని మాత్రమే దిగులుపడ్డాడు. ఆ సంవత్సరాల్లో జాన్, పాల్ ఒకరి మీద ఒకరు పాటల్లో విసురుకున్న ఎత్తిపొడుపులు తెలిసినవాళ్లకు ఈ నెమ్మది ఎంత అరుదైనదో అర్థమవుతుంది. నువ్వు దీన్ని ‘అమాయకమైన పాట’ అన్నావు. ఆ మాట కొట్టేసి, చరణాల్లో ఏముందో వరసగా చెప్పు. పాఠకుడికి అదే చాలు.

‘మిత్రుల దయతో బతికిన గాయకుడు’ అని నువ్వు రాసిన వాక్యం నన్ను బాధపెట్టింది. చాలామంది అన్న మాటే కాబట్టి అది నిజమని నువ్వు నమ్మావు, కానీ రికార్డులు వింటూ పరీక్షించలేదు. ‘ఇట్ డోంట్ కమ్ ఈజీ’కి నిర్మాత హారిసన్. ఆ పాట రాయడంలోనూ అతని చెయ్యి ఉందని రింగోయే తర్వాతి కాలంలో చెప్పాడు. ‘ఫొటోగ్రాఫ్’ ఇద్దరూ కలిసి రాశారు. ‘యూ ఆర్ సిక్స్‌టీన్’లో నోటితోనే శాక్సఫోన్ ధ్వని పలికించింది పాల్. పాత ‘ఓన్లీ యూ’ని మళ్లీ పాడమన్నది జాన్. ఇవన్నీ వాస్తవాలే, ఒక్కటీ దాచనక్కర్లేదు. అయితే ఒకరితో ఒకరు కోర్టుల్లో నిలబడ్డ ముగ్గురు మేధావులు, అదే కాలంలో, ఈ ఒక్కడి పాట అనగానే స్టూడియోకి ఎందుకు వచ్చారు? కచేరీలో మృదంగ విద్వాంసుణ్ణి చూశావు కదా. తని ఆవర్తనం, అంటే ఒంటరిగా వాయించే వంతు, వచ్చేదాకా అతని చూపంతా పాడేవారి మీదే ఉంటుంది, ఎక్కడ తగ్గాలో తెలిసినవాడికే ఆ పీట దక్కుతుంది. బీటిల్స్ రికార్డులన్నిటిలో రింగో ఒంటరిగా డ్రమ్ములు వాయించింది ‘ది ఎండ్’లో ఒక్కసారి, అదీ కొన్ని క్షణాలు. ఏళ్ల తరబడి ఇతరుల పాటను నిలబెట్టినవాడి కోసం ఇతరులు రావడంలో దయ ఏముంది? అతను సంపాదించుకున్నదే అది.

‘అయామ్ ద గ్రేటెస్ట్’ ఈ మాటకు గట్టి సాక్ష్యం. ఆ పాటను లెనన్ మొదట తన కోసమే మొదలుపెట్టాడు. నేనే గొప్పవాణ్ణని తాను పాడితే జనం దాన్ని నిజంగా తీసుకుని మండిపడతారనీ, రింగో పాడితే ముచ్చటపడతారనీ గ్రహించి అతనికి ఇచ్చేశాడు. 1973 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లో రిచర్డ్ పెర్రీ నిర్మాణంలో అది రికార్డయినప్పుడు లెనన్ పియానో దగ్గర, హారిసన్ గిటార్‌తో, రింగో డ్రమ్ముల మీద ఉన్నారు. బృందం విడిపోయాక, లెనన్ మరణం దాకా, ముగ్గురు బీటిల్స్ ఒకే గదిలో ఒకే పాటకు కలిసి పనిచేసింది ఆ ఒక్కసారే. కథలు కూడా రాస్తావు కాబట్టి చెబుతున్నాను, ఒకే మాట ఒకరి నోట గర్వంగా, ఇంకొకరి నోట ఆప్యాయంగా వినిపించడం ఎలాగో తెలుసుకోవాలంటే ఈ పాటను పదేపదే విను. రింగో గొంతుకు విస్తృతి తక్కువ, పై స్థాయిలకు వెళ్లదు, గమకాల జోలికి పోదు. ఆ గొంతు తన హద్దు దాటి నటించదు కాబట్టే ఆ పాటలో డాంబికం మనకు చేదెక్కదు.

వాద్యాన్ని వర్ణించేటప్పుడు ‘అద్భుతమైన’, ‘మధురమైన’ అన్న విశేషణాలు మానెయ్యి. ఏం వినిపిస్తోందో చెప్పు. ‘బ్యాక్ ఆఫ్ బూగలూ’లో స్నేర్ డ్రమ్ సైనిక కవాతులా అడుగు వేస్తుంది, దాని మీద హారిసన్ స్లైడ్ గిటార్ జారుతూ పోతుంది. 1972లో బ్రిటన్‌లో రెండో స్థానానికి చేరిన ఆ పాటలో గాత్రం కంటే డ్రమ్మే ముందు గుర్తుంటుంది. రింగో పుట్టుకతో ఎడమచేతి వాటం మనిషి, కుడిచేతి వాటానికి అమర్చిన డ్రమ్ముల మీద వాయిస్తాడు. అతని చేతులు ఒక డ్రమ్ము నుంచి ఇంకో డ్రమ్ముకు మారే తీరులో ఇతరులకు పట్టుబడని చిన్న తడబాటు లాంటి సొగసు వచ్చింది అందువల్లనే. ‘ఫొటోగ్రాఫ్’లో డ్రమ్ముల మీద ఇద్దరున్నారు, రింగోతో పాటు జిమ్ కెల్ట్‌నర్. పేరున్న డ్రమ్మర్ తన సొంత పాటలో ఇంకో డ్రమ్మర్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడన్న సంగతి నీ వ్యాసంలో తప్పక ఉండాలి. ఆ పాటలో బాబీ కీస్ శాక్సఫోన్, వెనక జాక్ నిట్షే కూర్చిన తీగల వాద్యాలూ కోరస్సూ కలిసి పెద్ద ఆర్భాటం చేస్తుంటే, నడుమ ఆ సాదా గొంతు విడిచి వెళ్లిన మనిషి ఫొటో గురించి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పాడుతుంది. హారిసన్ చనిపోయిన సరిగ్గా ఏడాదికి, 2002 నవంబరు 29న, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగిన సంస్మరణ కచేరీలో రింగో పాడిన పాటల్లో ఇదొకటి. 2007లో 20 పాటలతో వచ్చిన పెద్ద సంకలనానికి దీని పేరే పెట్టారు. ఈ రెండూ తర్వాతి చరిత్ర, చెప్పొచ్చు గానీ 1975 నాటి శ్రోతకు తెలియని దుఃఖాన్ని ఆ సంకలనంలోకి ముందుగానే తోసెయ్యకు.

మొదటి పాట విషయంలో నువ్వు తటపటాయించావు, తటపటాయించనక్కర్లేదు. ‘యూ ఆర్ సిక్స్‌టీన్’ 1960లో జానీ బర్నెట్ పాడగా పేరు తెచ్చుకున్నది. రింగో పాడినది విడుదలయ్యేనాటికి అతనికి 33 ఏళ్లు. పదహారేళ్ల పిల్లను ఉద్దేశించి ఆ వయసు మనిషి పాడిన వలపు పాట ఇవాళ వింటే ఇబ్బందిగానే ఉంటుంది, నాకూ ఉంటుంది. కాలం మారిందని సర్దిచెప్పకు, ఉపన్యాసమూ ఇవ్వకు. ట్యూను హుషారుగా ఉందనీ, మాటలు చివుక్కుమనిపిస్తాయనీ రెండూ రాయి.

‘నో నో సాంగ్’, ‘ఓ మై మై’ల గురించి నువ్వు రాసినది సరిపోతుంది, ముట్టుకోవద్దు. తిరిగి రాయాల్సింది ‘బోకూ ఆఫ్ బ్లూస్’ పేరా. 1970లో పెడల్ స్టీల్ గిటార్ వాద్యకారుడు పీట్ డ్రేక్ నిర్మాతగా, రింగో అమెరికాలోని నాష్‌విల్ వెళ్లి అక్కడి కంట్రీ సంగీతకారులతో కొద్ది రోజుల్లో పూర్తిచేసిన ఆల్బమ్‌కు అదే పేరు. సింగిల్‌గా అది అమెరికాలో 87వ స్థానం దాటలేదు. అమ్మకాలే కొలబద్ద అయితే ఈ పది పాటల్లో దానికి చోటు ఉండకూడదు. అయినా రెండో వైపున, ‘ఓన్లీ యూ’ తర్వాత అది ఉంది. దాన్ని అక్కడినుంచి తీసేసి ఆ వైపు మొత్తం ఒకసారి విను, తర్వాత దానితో కలిపి విను, తేడా ఏమిటో నీ మాటల్లో రాసి పంపు. మిగతా వ్యాసం అది చూశాక మాట్లాడుకుందాం.

శుభాకాంక్షలతో,
నీ రాతలు శ్రద్ధగా చదివే పెద్దాయన