ల్యాబ్ పౌడరు బాబుకి వెయ్యొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ నమస్తే. మాది రణస్థలం దగ్గర పల్లె. మా బాబుకి 11 ఏళ్లు, ఫిట్స్‌కి వాల్ప్రోయేట్ మాత్రలు వేస్తన్నాం, అయినా నెలకోసారి వస్తన్నాయి. మా మరిది పైడిభీమవరంలో మందుల కంపెనీలో చేస్తన్నాడు, నెట్‌లో ఫిట్స్ తగ్గించే పౌడరు ఒకటి చూపించాడు, 99 శాతం ప్యూర్ అనుంది, కింద ల్యాబ్ రీసెర్చికి మాత్రమే అని రాసుంది. మాత్రలాపేసి ఇది వేద్దాం వదినా అంటన్నాడు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: వద్దమ్మా, తెప్పించొద్దు. ఉన్న మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దు, ఉన్నట్టుండి ఆపితే ఫిట్ మీద ఫిట్ వచ్చి ప్రాణం మీదకొస్తుంది. 5 నిమిషాలు దాటినా ఫిట్ ఆగకపోతే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

ఆ 99 శాతం నిజమే అనుకుందాం, మిగిలిన ఒక్క శాతంలో ఏముందో, బాబు బరువుకి ఎన్ని మిల్లీగ్రాములో, లివర్ తట్టుకుంటుందో లేదో ఆ అంకె చెప్పదు కదా. ఒక్కో బ్యాచ్‌కి ఎన్ని టెస్టులు, ఎన్ని రికార్డులు ఉంటాయో మీ మరిదికి తెలిసే ఉంటుంది, ఆ సీసాకి మనిషి మందుకి చేసే పరీక్షలేవీ చేసుండరు.

ఇలాంటివి ముందు ఎలకల మీద చూస్తారు, కరెంటు షాకిచ్చో, పెంటిలీన్‌టెట్రజోల్ అనే రసాయనం ఎక్కించో ఫిట్ తెప్పించి, ఇది ఆపుతుందా లేదా అని. అక్కడి రిజల్టు మనిషికి అలాగే వర్తించదు. ఇప్పుడు ఫిట్స్‌కి అంతటా రాస్తున్న మందు లెవెటిరాసెటామ్ ఆ రెండు టెస్టుల్లోనూ పని చెయ్యలేదు మరి! మీ బాబు వేసుకునే వాల్ప్రోయేట్‌నే చూడండి, 1882లో తయారైంది, ఎన్నో ఏళ్లు వేరేవాటిని కరిగించే ద్రావకంగానే వాడారు, 1962లో ఫ్రాన్స్‌లో వేరే కాంపౌండ్లని అందులో కరిగించి టెస్ట్ చేస్తుంటే ఏది కలిపినా ఫిట్ ఆగిపోతోంది, అప్పుడు గానీ తెలీలేదు పనిచేసేది ద్రావకమేనని. అయినా మార్కెట్లోకి 1967లో వచ్చింది. లివర్ దెబ్బతినడం, గర్భిణులు వాడితే బిడ్డకి లోపాలు రావడం లాంటివి జనం వాడటం మొదలెట్టాకే బయటపడ్డాయి.

నెలనెలా వస్తున్నాయంటే బాబు బరువు పెరిగి డోసు చాలట్లేదేమో, మధ్యలో మాత్రలు మిస్సవుతున్నాయేమో, లేదా ఆ రకం ఫిట్స్‌కి వేరే మందు కావాలేమో. మంచి మందులు ఇంకా చాలా ఉన్నాయమ్మా. విశాఖ కేజీహెచ్‌లో న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్లండి, ఫిట్ వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి, తేదీలు రాసుకుని, పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి.