కచేరీ బాట పట్టిన మనవరాలికి

చిరంజీవి మనవరాలిని చిన్నతాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ విజయనగరంలో అందరమూ క్షేమం.

నీవు వయొలిన్‌లో డిప్లొమా ముగించుకుని, టీచరు ఉద్యోగానికి వచ్చిన పిలుపును కాదనుకుని, చెన్నైలో గది తీసుకుని కచేరీలనే వృత్తిగా పెట్టుకోబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో దిగులు తెలుస్తూనే ఉంది. నాకు దిగులుతో పాటు గర్వమూ కలిగింది. మన ఇంట్లో వయొలిన్ పట్టినవాళ్ళం ముగ్గురు నలుగురం ఉన్నాం గానీ, అందరమూ నెలజీతం చాటున ఉండి వాయించినవాళ్ళమే. వయొలిన్ తీగెల మీద ఆడించే ఆ కమానునే నమ్ముకుని గడప దాటుతున్నది నీవు ఒక్కదానివే.

నీకు తెలిసినవే అయినా కొన్ని రాసి పక్కన పెడతాను. ఆకాశవాణి ఆడిషనుకు వెంటనే దరఖాస్తు పెట్టు. చెన్నైలో డిసెంబరు సంగీతోత్సవాల సీజనులో ఏదో ఒక మధ్యాహ్నపు కచేరీ అయినా దక్కాలంటే, కచేరీలు ఏర్పాటు చేసే సభలవారికి రికార్డింగులు నెలల ముందే అందాలి. గది ఎక్కడ తీసుకున్నా, తెల్లవారుజామున సాధన చేస్తే ఇంటివాళ్ళు ఏమీ అనరని తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వు.

ఇక నాకు కోపం తెప్పించిన మాట ఒకటి ఉంది. గాయకుల పక్కన కూర్చుని వాయించే పక్కవాద్యానికి వెళ్ళను, సోలో కచేరీలే చేస్తాను అన్నావట. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో మన ఊరి సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు. వయొలిన్‌ను ప్రధాన వాద్యంగా నిలబెట్టి ఆయన తొలి సోలో కచేరీ చేసింది 1938లో, వెల్లూరులో. అంతటి మనిషికే మధ్యలో పందొమ్మిదేళ్ళు గడిచాయి, ఆ కాలంలో ఆయన పెద్ద విద్వాంసుల పక్కన కూర్చుని వాయించారు. అంత వెనక్కి వెళ్ళడం ఎందుకంటావా, మన విజయనగరం ఆడపడుచు అవసరాల కన్యాకుమారి గారినే చూడు. ఇవటూరి విజయేశ్వరరావు గారి దగ్గర నేర్చుకుని, చెన్నై చేరి, గాయని ఎం.ఎల్. వసంతకుమారి గారి పక్కన ఏళ్ళ తరబడి వాయించారు. 2016లో చెన్నై మ్యూజిక్ అకాడమీ ఆమెకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, వయొలిన్ విద్వాంసురాళ్ళలో ఆ బిరుదు అందుకున్న మొదటివారు ఆమే. వీళ్ళిద్దరూ పక్కవాద్యాన్ని తక్కువ చేసి చూసి ఉంటే ఆ వాద్యంలో ఆ పాట ఎక్కడి నుంచి వచ్చేది?

పక్కన కూర్చున్నప్పుడు ఏ రాగం వస్తుందో నీకు ముందు తెలియదు. గాయకుడు ఒక సంచారం మొదలుపెట్టగానే నీ వేలు అర క్షణం వెనకగా దాని వెంట నడవాలి, ఆయన ఊపిరి తీసుకునే చోట నీ నాదం ఆయనను పట్టి నిలపాలి, ఆయన ఆలాపన ముగించి నీవైపు చూసినప్పుడు ఆయన తీసుకున్న సమయంలో సగంలోనే ఆ రాగాన్ని నీ మాటల్లో చెప్పి ఊరుకోవాలి. కీర్తనలో మాట మధ్యలో కమాను తిప్పకూడదు. త్యాగరాజస్వామి సాహిత్యంలో మాట ఎక్కడ ముగుస్తుందో తెలుగుపిల్లవైన నీకు ఒకరు చెప్పనక్కరలేదు. చెన్నైలో అది నీకు పెద్ద ఆస్తి, పోగొట్టుకోకు. ఇదంతా గదిలో తలుపు వేసుకుని చేసే సాధనలో రాదు.

పక్కవాద్యానికి రెండు వయొలిన్లు సిద్ధంగా ఉంచుకో. మగ గాయకులు తక్కువ శ్రుతిలో, ఒకటి, ఒకటిన్నరలోనూ, స్త్రీలు ఎక్కువ శ్రుతిలో, అయిదు, అయిదున్నరలోనూ పాడతారు. ఒకే వయొలిన్‌ను ఇవాళ దించి రేపు బిగిస్తూ పోతే బిరడలు నిలవవు, తీగెలు తెగుతాయి. అంతకన్నా ముఖ్యంగా, వదులు తీగె మీద ఒక ఒత్తిడికీ బిగువు తీగె మీద మరో ఒత్తిడికీ అలవాటుపడలేక కుడిచెయ్యి తడబడుతుంది. రెండో వయొలిన్ ఖరీదు గురించి మీ నాన్నను అడగకు, నన్ను అడుగు.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానో ఆ సంగతి రాస్తాను. మా గురువుగారి దగ్గర నాతో పాటు నేర్చుకున్న మిత్రుడు ఒకడు ఉండేవాడు. మా అందరిలోకీ వేలి సౌఖ్యం అతనిదే. తోడిరాగం తీసుకుంటే గాంధారం దగ్గర గురువుగారు కళ్ళు మూసుకునేవారు. చదువు అవగానే పిలుపులు వెల్లువగా వచ్చాయి. శ్రీరామనవమి పందిళ్ళలో వరుసగా రాత్రుళ్ళు, ఆ వెంటనే పెళ్ళిళ్ళు, ఆపైన దసరా ఉత్సవాలు. బస్సులో కూర్చునే నిద్ర, దిగగానే కచేరీ. ఒక ఏడాది ఎడమ భుజంలో నొప్పి మొదలైంది. చేసిన తప్పేమిటంటే, దాన్ని దాచాడు. లాల్చీ చేతులు పొడుగ్గా కుట్టించుకుని మణికట్టుకు కట్టు కట్టుకునేవాడు, వేదిక వెనక మాత్ర మింగి ముందుకు వచ్చేవాడు. ఎవరైనా అడిగితే ప్రయాణపు బడలిక అనేవాడు. ఎందుకు దాచాడో మాకందరికీ తెలుసు. పక్కవాద్యగాడు రెండుసార్లు రాలేనంటే మూడోసారి కబురు రాదు. చెయ్యి బాగాలేదన్న మాట సభలవాళ్ళ చెవిన పడితే అసలే రాదు.

కొన్నాళ్ళకు నొప్పి తగ్గింది, అందరం సంతోషించాం. కానీ చిటికెన వేలు మాట వినడం మానేసింది. నేను దగ్గర కూర్చుని చూశాను: జంట స్వరాలు వాయించబోతే ఆ వేలు తీగె మీదికి రాకముందే తనంతట తాను లోపలికి ముడుచుకుపోయేది. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు బాగానే ఉండేది, వయొలిన్ ఎత్తితేనే అలా అయ్యేది. అతను పనంతా మొదటి రెండు వేళ్ళ మీదికి తెచ్చుకున్నాడు. ఆలాపనలో ఎవరికీ తెలియలేదు, జారులు, గమకాలు ఆ రెండు వేళ్ళతోనే దివ్యంగా పలికేవి. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు, వేగం రెట్టింపయ్యే రెండో కాలంలోకి వెళ్ళేసరికి మాత్రం బయటపడిపోయేది. వైద్యులు ఆలస్యంగా చూశారు, ఎందుకంటే అతను ఆలస్యంగా చూపించాడు. నలభై ఏళ్ళు నిండకుండానే వేదిక మానేశాడు. తరువాత ఎంతోమంది పిల్లలకు పాఠం చెప్పాడు, మంచి గురువని పేరు తెచ్చుకున్నాడు. అయినా రేడియోలో వయొలిన్ వస్తుంటే అతను లేచి బయటికి వెళ్ళిపోవడం నేను చూశాను.

అందుకే చెబుతున్నాను తల్లీ, నీకు నొప్పి వచ్చిన మొదటి వారంలోనే వైద్యుడికి చూపించాలి. మనం నేలమీద కూర్చుని, వయొలిన్ తలను కుడి చీలమండ మీద ఆనించి వాయిస్తాం. ఎడమచెయ్యి స్వేచ్ఛగా జారడానికి ఆ ఆనిక ఎంతో మేలు, కానీ రెండున్నర గంటల కచేరీలో ఆ భారమంతా నడుము మోస్తుంది. చిన్నప్పటి నుంచీ నీవు శ్రద్ధ పెరిగిన కొద్దీ ఎడమ భుజం పైకెత్తి, మెడ వంచి వాయిస్తావు. ఎన్నిసార్లు చెప్పినా మరిచిపోయేదానివి. ఇప్పుడైనా అద్దం ముందు కూర్చుని సరిచేసుకో. సాధనలో ప్రతి ముప్పావు గంటకూ లేచి నడువు. వేలు జారడానికి కొబ్బరినూనె చుక్క చాలు, అది కూడా సరిగా జారకపోతే తప్పు నూనెలో లేదు, నీవు తీగెను అవసరానికి మించి నొక్కుతున్నావని అర్థం. వేదిక మీద స్పీకరు నీ చెవి పక్కనే పెడితే తీయించు. వినికిడి కూడా చెయ్యిలాంటిదే, పోయాక తిరిగి రాదు.

కచేరీ కాదనగలిగే ధైర్యం ఒట్టిమాటలతో రాదు, గది అద్దె వేరే చోట నుంచి వస్తుంటేనే వస్తుంది. నేను పాఠాలు చెప్పుకోమనేది అందుకే. నలుగురైదుగురు పిల్లలకు వారానికి రెండుసార్లు నేర్పు, ఆకాశవాణి గ్రేడు సంపాదించు. అప్పుడు చెయ్యి నొప్పిగా ఉన్న రోజున రాలేనని చెప్పడానికి నీకు భయం ఉండదు. ఒక రాత్రి కచేరీ చేసి, రైలు దిగి, ఆ మధ్యాహ్నమే ఇంకో వేదిక ఎక్కమంటే ఎంత పెద్దవారి పిలుపైనా ఒప్పుకోవద్దు. వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారికి పద్మశ్రీ వచ్చింది 2021లో. 1926లో పుట్టినవారు, లెక్క నీవే వేసుకో. నీకు అంత సుదీర్ఘమైన సంగీత జీవితం కావాలని నా కోరిక, మొదటి పదేళ్ళలోనే చేతిని ఖర్చుపెట్టేసుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను.

సోలోలు వద్దని నేను అనడం లేదు. నీ కాంభోజి ఆలాపన విన్నవాణ్ణి, అది ఒకనాడు ఒంటరిగా ఒక సభను నిలబెడుతుందని నాకు నమ్మకం ఉంది. కాస్త ఆగు, అంతే. పక్కవాద్యానికి మొదటి పిలుపు వచ్చినప్పుడు గాయకురాలు ఎవరో, శ్రుతి ఎంతో నాకు ఫోను చేసి చెప్పు, తీగెల సంగతి మాట్లాడుకుందాం.

ఆ తరువాత నీవు రాసే ప్రతి ఉత్తరంలోనూ కచేరీ ఎలా జరిగిందో చివర రాయి. మొదటి వాక్యంలో ఎడమ భుజం ఎలా ఉందో రాయి, ఉన్నది ఉన్నట్టుగా.

ఆశీస్సులతో,
చిన్నతాతయ్య