ముందు బ్రేక్ పట్టేసి వదలకపోతే మాస్టర్ సిలిండర్ మొత్తం మార్చాలా?

ఇరవై ఏళ్ల పల్సర్‌కి ముందు డిస్క్ బ్రేక్ పడుతోంది కానీ వదలడం లేదు, మెకానిక్ మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ను బ్రేక్ వైపు తోసే, హ్యాండిల్ మీది భాగం) సెట్టు మొత్తం మార్చాలంటున్నాడు, నిజమేనా అని అడిగారు. అప్పుడే డబ్బులు పెట్టకండి. ముందు విప్పించి చూడండి. అంతవరకు బండి మాత్రం బయటికి తీయొద్దు.

నాది 2002 సీబీజెడ్, నాన్న కొన్నది. ఆరేళ్ల కిందట డిసెంబరులో అరకు నుంచి విశాఖ తిరిగొస్తున్నాం, వెనక మా తమ్ముడు. అనంతగిరి దాటి ఘాట్ దిగుతుంటే, జారిపోవాల్సిన బండి కాస్తా బరువెక్కింది. పక్కకు ఆపి చూస్తే ముందు చక్రం కదలదు. లివర్ రాయిలా బిగుసుకుపోయింది. డిస్క్ మీద నీటి చుక్క పడితే చుయ్‌మంది. అదే ఏ మలుపులోనో పట్టేసి ఉంటే ఏమయ్యేదో, ఇప్పటికీ తలచుకుంటే చేతులు చల్లబడతాయి. 8 నంబరు స్పానర్‌తో కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ని పట్టే భాగం) మీద ఎయిర్ తీసే నిపుల్ కొంచెం వదులు చేశాను. ఆయిల్ చిమ్మింది, చక్రం తిరిగింది. వెంటనే బిగించి, ముందు బ్రేక్ ముట్టుకోకుండా, మొదటి గేర్లోనే ఎస్.కోట దాకా దిగాం. తమ్ముడు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికొచ్చి మాస్టర్ సిలిండర్ విప్పితే సంగతి తెలిసింది. దాని మీది ఆయిల్ డబ్బా అడుగున రెండు రంధ్రాలుంటాయి. ఒకటి పెద్దది, రెండోది సూదిమొనంత. వేడికి పొంగిన ఆయిల్ ఆ చిన్నదాంట్లోంచే డబ్బాలోకి వెనక్కి రావాలి. అది మూసుకుపోతే ఒత్తిడి లోపలే ఉండిపోతుంది, ప్యాడ్లు డిస్క్‌ని ఒరుసుకుంటాయి, వేడి పెరిగేకొద్దీ బ్రేక్ ఇంకా బిగుస్తుంది. నా బండిలో ఆ రంధ్రానికి అడ్డంగా ఉబ్బిన రబ్బరు వాషర్ కూర్చుంది. అంతకు రెండు నెలల ముందే ఒక మెకానిక్ కొత్త రబ్బర్ల కిట్ వేస్తూ ఆ వాషర్లను పెట్రోల్‌లో కడిగాడు. నేను పక్కనే నిలబడి చూశాను కూడా. బ్రేక్ రబ్బర్లకు పెట్రోల్, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ తగలనే కూడదు, ఉబ్బిపోతాయి. కడగాలంటే కొత్త బ్రేక్ ఆయిలే వాడాలి. ఇంత చిన్న విషయం చెప్పేవాళ్లు లేక ఎన్ని బళ్లు ఇలా పాడవుతున్నాయో!

కాబట్టి విప్పినప్పుడు దగ్గరుండి చూడండి. పిస్టన్ బయటికి రాకుండా పట్టి ఉంచే రింగు, అంటే సర్‌క్లిప్‌ను స్క్రూడ్రైవర్‌తో పెకలించనివ్వకండి, దానికి వేరే ప్లయర్ ఉంటుంది. చిన్న రంధ్రాన్ని క్లచ్ వైరులోని ఒక్క పోగుతో మెల్లగా శుభ్రం చేయాలి. లోపల గరుకు కాగితం పెట్టి రుద్దితే సిలిండర్ పనికిరాకుండా పోతుంది. రబ్బరు వాషర్ అంచు లోపలి స్ప్రింగ్ వైపు ఉండాలి. గొట్టం బోల్టు దగ్గర రాగి వాషర్లు కొత్తవి వేయండి. స్టైలు కోసం లివర్ మార్చారా? అది కూడా చూసుకోండి. కొలత కుదరని లివర్ పిస్టన్‌ను ఎప్పుడూ కొద్దిగా నొక్కే ఉంచుతుంది, అప్పుడూ ఇదే జబ్బు. ఈ లివర్ల పిచ్చి ఎప్పుడు పోతుందో!

ఇంకో మాట. ఇంజిన్ ఆయిల్ తారీకు చూసి మరీ మార్చేవాళ్లు, బ్రేక్ ఆయిల్‌ని పదేళ్లయినా పట్టించుకోరు. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మా విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో రెండేళ్లకోసారి మార్చి తీరాలి. మూత మీద రాసిన రకమే పోయండి. పెయింట్ మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేస్తుంది.

అంతా బిగించి, గొట్టంలో చేరిన ఎయిర్ తీశాక ముందు చక్రం పైకెత్తి, లివర్ పదిసార్లు నొక్కి వదిలి, చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగాలి. సిలిండర్ లోపల గోటికి తగిలే గీతలు, గుంటలు ఉంటే మాత్రం మీ మెకానిక్ చెప్పింది నిజమే, సెట్టు మార్చేయండి.