విదేశీ డాక్యుమెంటరీలో పనికి అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి జర్నలిజంతో డిగ్రీ పూర్తి చేసింది. హైదరాబాద్ బస్తీల మీద డాక్యుమెంటరీ తీస్తున్న ఒక విదేశీ బృందం లోకల్ అసిస్టెంట్‌గా రమ్మంటోంది. ‘మన పేదరికం అమ్ముకునేవాళ్లతో నీకేం పని’ అంటే వినడం లేదు. దీనికి భవిష్యత్తు ఉందా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీ కోపంలో న్యాయం ఉందండీ. అది ఈనాటిదీ కాదు. ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ మన దేశం మీద తీసిన డాక్యుమెంటరీలను బీబీసీ ప్రసారం చేసినందుకు 1970లో ఢిల్లీలోని వాళ్ల ఆఫీసునే మూయించింది మన ప్రభుత్వం. 2009లో ముంబై బస్తీ కుర్రాడి కథతో విదేశీయులు తీసిన సినిమా ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ ఇక్కడ విడుదలైనప్పుడు, పేరులోని ‘డాగ్’ అన్న మాట మీద ముంబైలో, పాట్నాలో నిరసనలు జరిగాయి.

ఆ సినిమాలోనే మీ అమ్మాయికి పనికొచ్చే సంగతి ఒకటుంది. నటీనటుల్ని ఎంపిక చేయడానికి చేరిన లవ్‌లీన్ టాండన్, బస్తీ పిల్లల చేత ఇంగ్లిష్ కాదు, హిందీ మాట్లాడించాలని చెప్పారు. దర్శకుడు డానీ బాయిల్ విన్నాడు. చివరికి టైటిల్స్‌లో ఆవిడ పేరు ఇండియా కో-డైరెక్టర్‌గా పడింది. లోకల్ మనిషంటే టీలు, టాక్సీలు చూసుకునే పని ఒక్కటే అనుకోకండి.

నా దగ్గరికొచ్చే కుర్రాడొకడు ఇలాంటి బృందంతో పనిచేసి, ఆమధ్య ఒక క్లిప్ చూపించాడు. ఇళ్లలో పనిచేసే ఒకావిడ ‘లేనోళ్లమే గానీ చెయ్యి చాచేటోళ్లం కాదు సార్’ అంటోంది. కింద సబ్‌టైటిల్‌లో మిగిలింది ‘మేం పేదవాళ్లం’ అన్న ముక్క ఒక్కటే. ఇంకోచోట ఇంటావిడ పింగాణీ కప్పులో కాఫీ తాగుతుంటే, ఈమె సింకు పక్కన విడిగా బోర్లించిన స్టీలు గ్లాసు తీసుకుంటుంది. కెమెరా అక్కడ రెండు క్షణాలు కూడా ఆగలేదు. రేకుల ఇంటి కప్పు మీద మాత్రం అరగంట తీశారట. రేకులు ఎవరికైనా కనపడతాయి. ఆ గ్లాసు విడిగా ఎందుకుందో మన ఇళ్లలో పెరిగినవాళ్లకే తెలుస్తుంది (మా ఇంట్లోనూ ఉండేది, చెప్పుకోవడానికి సిగ్గే). ‘చూశాను సార్, నాకెందుకులే అని ఊరుకున్నా’ అన్నాడు వాడు. మీ అమ్మాయి ఊరుకునే రకం కాకపోతే పంపండి.

డబ్బు సంగతికొస్తే, ఇది నెల జీతం ఉద్యోగం కాదు. షూటింగ్ ఉన్న రోజులకే ఇస్తారు. రోజుకెంత, ఎన్ని రోజులు, టైటిల్స్‌లో పేరు ఏ హోదాలో వేస్తారు, అన్నీ కాగితం మీద ఉండాలి. సబ్‌టైటిల్స్ ఖాయం చేసేముందు తనకు చూపించాలని కూడా రాయించుకోమనండి. గునుస్తారు, అయినా అడగాలి. షూటింగ్‌కి ప్రభుత్వ అనుమతి, అందుకు తగ్గ వీసా ఉన్నాయో లేదో చూడండి. టూరిస్ట్ వీసా మీద వచ్చామంటే మాత్రం అక్కడితో వదిలేయండి.

తర్వాత చదువుతానంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ జామియాలో మాస్ కమ్యూనికేషన్ పీజీ ఉన్నాయి. డిగ్రీ ఉంది కాబట్టి ఎంట్రన్స్ రాయొచ్చు, ఈ అనుభవం ఇంటర్వ్యూలో అక్కరకొస్తుంది.

అగ్రిమెంట్ చేతికొచ్చాక, సంతకం పెట్టకముందే ఒక కాపీ పంపండి, చూసి చెబుతాను. ఈసారి ప్రశ్నలు అమ్మాయినే రాయమనండి.